బొండం వద్దన్న రోజు

నేను నర్సుని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే సగం చదివాక "అన్నీ తెలిసినదానివి, నువ్వే ఇలా చేస్తే ఎలా?" అని అడుగుతారు. మా ఆయన అడిగాడు, డాక్టరు అడిగాడు, చర్చిలో నా పక్కన కూర్చునే ముసలావిడ కూడా అడిగింది. నేనైతే తల దువ్వుకుంటూ అద్దంలో చూసి రోజూ అడుగుతుండేదాన్ని. ఈమధ్యే విసుగొచ్చి మానేశాను.

ఇప్పటికిప్పుడు ప్రాణానికి గండం లేదు. జబ్బు ఉంది, పోదు. రోజుకు ఇన్ని నీళ్లని కొలత పెట్టిన సీసా ఒకటి ఎక్కడికెళ్లినా నాతోనే వస్తుంది. మూడు నెలలకోసారి రక్తం ఇస్తాను, కాగితం చేతికొచ్చేదాకా అన్నం సహించదు. మొన్నటి కాగితం చూసి డాక్టరు "అలాగే ఉందమ్మా, దిగజారలేదు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చి, ముసుగు తన్ని మధ్యాహ్నమంతా పడుకున్నాను. సంతోషంతో కాదు, అలసటతో. లేచాక ఇది రాయాలనిపించింది. నాలాగ దాచుకుని తిరుగుతున్నవాళ్లు మా శ్రీకాకుళం ఉద్దానంలో ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం కొంత, నా మనసు కుదుటపడడానికి కొంత.

1999

అప్పటికి టెక్కలి వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రోజంతా వార్డులో నిలబడితే సాయంత్రానికి కాళ్లు పీకేవి, నడుం విరిగిపోయేది. మా నర్సులకి ఒక చెడ్డ అలవాటుంది. రోగికి మాత్ర ఇవ్వాలంటే చీటీ చూస్తాం, పేరు చూస్తాం, అనుమానమొస్తే ఇంకోసారి అడుగుతాం. మాకు నొప్పొస్తే మాత్రం ట్రేలోంచి ఒకటి తీసి, నీళ్లు కూడా తాగకుండా మింగేస్తాం. నడుం నొప్పికి అలా ఎన్ని మింగానో దేవుడికే తెలియాలి. దాహమేస్తే డ్యూటీ అయ్యాక చూద్దాంలే అనుకునేదాన్ని. నా కిడ్నీ జబ్బు దీనివల్లే వచ్చిందని చెప్పను. ఏ మాత్రా మింగని రైతులకీ మా దగ్గర ఈ జబ్బు వచ్చింది. ఎందుకొస్తోందో నాకు తేల్చి చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. కానీ నా ఒంటికి నేను మేలు చేసుకోలేదు, అది నిజం.

ఆ ఏడాదే మా బావగారు పోయారు. మా ఆయన ఏసుదాసుకి సొంత అన్నగారు. సోంపేట దగ్గర కొబ్బరితోట చూసుకుంటూ, చెట్టెక్కినా బావి తవ్వినా ఆయాసమన్నది ఎరగని మనిషి. ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ఏసుదాసుకి పలాసలో ఫ్యాన్లు, రేడియోలు బాగుచేసే కొట్టుంది. ఆ కొట్టు తలుపులు వేసేసి, విశాఖపట్నం ఆసుపత్రి వరండాలో అన్నగారి కోసం నెలల తరబడి కూర్చున్నాడు. అంత్యక్రియలయ్యాక ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ అన్నాడు:

"కరుణా, నాను మళ్లీ ఆ వరండాలో కూకోలేను. నా వల్ల కాదు."

నాతో అన్నాడో, తనలో తనే అనుకున్నాడో తెలియదు. నేను మాత్రం ఆ మాటని మనసులో పెట్టుకున్నాను. అనవసరంగా పెట్టుకున్నాను.

2002

ఊళ్లు తిరిగే నర్సులు కావాలని పలాసలో ఒక చిన్న సంస్థవాళ్లు అడిగారు. సూది వెయ్యక్కర్లేదు, మందులు ఇవ్వకూడదు. మనుషులు తమ ఆరోగ్యం తాము చూసుకునేలా పక్కనుండి నడిపించాలట. ఆటలాడేవాళ్లకి కోచ్ ఉంటాడు కదా, అలాగ. మెడలో వేసుకునే కార్డు మీద హెల్త్ కోచ్ అని రాసిచ్చారు. రోజంతా నిలబడే పని తప్పుతుంది కదా అని ఒప్పుకున్నాను. అంతకుమించి గొప్ప ఆశయమేమీ లేదు.

శిక్షణ ఇచ్చిన మేడం మొదటిరోజే మామీద పడింది. "మీ నర్సులకి నోరు తెరిస్తే 'తాగండి, మానండి, పడుకోండి' తప్ప ఇంకో మాట రాదు. ఇక్కడ ఆ మూడూ మర్చిపోండి. అడగడం నేర్చుకోండి" అంది. ఏమడగాలంటే, 'ఈ వారం మీరు చేయగలిగింది ఒక్కటి చెప్పండి' అని. వాళ్లు చెప్పిందే ఖాయం. మనకు నచ్చింది చెప్పకపోయినా నోరు మూసుకోవాలి. నాకు ఒళ్లు మండింది. చదువుకుని, పదేళ్లు పైబడి పనిచేసి, ఇప్పుడు నేను వాళ్లని అడుక్కోవాలా అనిపించింది.

వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో ఉన్న ఊరు నాకిచ్చారు. మొదటిరోజు నీలమ్మ వాకిట్లో ఆడవాళ్లు చుట్టూ చేరి నా సంచీ కేసి చూశారు.

"ఏటి సిస్టరమ్మా, సూదుల్లేవా?"

"లేవు."

"మాత్తర్లు?"

"అవీ లేవు. మాట్లాడదామని వచ్చాను."

"మాటలకేటి, మాకాడే బోల్డున్నాయి. నీకు కావాలంటే పట్టికెల్లు" అంది నీలమ్మ. అందరూ ఒకటే నవ్వు. ఆ రోజుతో నా పేరు సూదుల్లేని సిస్టరు అయిపోయింది.

నీలమ్మది నా వయసే. భర్త పోయాడు. నాలుగు కొబ్బరిచెట్లున్నాయి, జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. పనిచేసేచోట ఆడవాళ్లు వెళ్లడానికి మరుగు లేదు కాబట్టి, పొద్దున్న బయల్దేరేముందు నీళ్లు మానేస్తుంది, సాయంత్రం ఇంటికి చేరేదాకా ముట్టదు. అక్కడ పనిచేసే ఆడవాళ్లందరిదీ అదే పద్ధతి. 'నీళ్లు తాగు' అని నేను వందసార్లు చెప్పినా మరుగు పుట్టుకురాదు. అందుకే, మేడం చెప్పినట్టే అడిగాను. నీలమ్మ తనతో పనికొచ్చేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టింది.

"నలుగురం కలిసి ఎల్తే తోటలోకి ఎల్లొచ్చు. ఒకర్తిని ఎల్లాలంటేనే బయం. ఈ వారం మా నలుగురికీ సెప్తాను. సాలా?"

"చాలు."

"మర్సిపోతానేమో" అని కొంగు చివర ముడి వేసుకుంది. పై వారం నేను వెళ్లేసరికి నా ఎదురుగా నిలబడి ఆ ముడి విప్పింది. పని అయిందన్నమాట. అది చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. ఆడవాళ్లకి కొంగు, మగవాళ్లకి తువ్వాలు. వారానికి ఒక్క ముడి, చేస్తేనే విప్పాలి. శిక్షణలో ఎవరూ నేర్పని పద్ధతి అది, నీలమ్మ పెట్టింది. నేను వెళ్లిన రోజు ఆ వాకిట్లో అందరూ ముడులు విప్పుకుంటుంటే నా అలసట కాస్త తీరేది.

2004

ఆ వేసవిలో ఊళ్లో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, ఒక్కరూ వచ్చి కూర్చోరు. నెత్తురు తీస్తే నీరసమొస్తుందని పైకి అన్నారు. అసలు భయం కాగితం మీద పేరు పడుతుందని. ఊరందరూ మావా అని పిలిచే సింహాచలం, కొబ్బరి రైతు, పెద్దమనిషి, తోటలో నీరు పారుతోందంటూ మెల్లగా జారుకున్నాడు. ఆయన వెనకే ఇంకో పదిమంది.

నాకు పౌరుషం వచ్చింది. ముందు నేనే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాను. "చూడండి, చీమ కుట్టినంత" అన్నాను. తర్వాత నీలమ్మ కూర్చుంది. ఆ తర్వాత వరస కట్టారు.

కాగితాలు కవరులో వచ్చాయి. ఎవరిది వాళ్లకి విడిగా ఇచ్చి మాట్లాడవలసింది నేనే. నీలమ్మకి జబ్బు మొదలైనట్టు ఉంది, కొద్దిగానే. ఆ తర్వాత కాగితం తీశాను. పేరు చూడకుండా అంకె చూసి, అయ్యో పాపం, ఎవరిదో అనుకున్నాను. పేరు చూస్తే నాది.

గుండె జారిపోయిందంటారు కదా, నాకు అలా కూడా అవలేదు. ముందు అలసటే వచ్చింది. ఇంకా ఇది కూడానా అనిపించింది. కాగితాన్ని మడిచి కీర్తనల పుస్తకంలో పెట్టేశాను. ఆదివారం చర్చిలో దాన్నే రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి పాడాను. పక్కన మగవాళ్ల వరసలో ఏసుదాసు గొంతు వినిపిస్తూనే ఉంది.

ఒక్కదాన్నే శ్రీకాకుళం వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాను. మందులు రాశాడు. ఏమేం తినకూడదో చెప్పబోయి, నేను నర్సునని తెలిసి ఆపేశాడు. "అయితే మీకు వేరే చెప్పక్కర్లేదు. ముఖ్యంగా కొబ్బరినీళ్లు, అది గుర్తుంచుకోండి" అన్నాడు. మందులు రక్తం పట్టడానికని ఇంట్లో చెప్పాను. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి గ్రేసు "అమ్మా, నువ్వూ పాలకూర తిను" అని నాకే సలహా ఇచ్చింది.

ఎందుకు దాచావంటే రెండు కారణాలు. ఒకటి, ఏసుదాసు వరండా మాట. రెండోది ఊరు. 'సిస్టరుకే వచ్చిందట, ఇంక ఆవిడ చెప్పినట్టు చేస్తే మనకేం ఒరుగుతుంది' అని ఒక్కరు అంటే చాలు, ఆ ముడులన్నీ ఊడిపోతాయి. నేను అలా అనుకున్నాను. సగం నిజం, సగం గర్వం. చెప్పేదాన్ని కాబట్టి నాకు రాకూడదన్న గర్వం.

ఇక్కడ బొండం సంగతి చెప్పాలి. మా ఉద్దానంలో ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇస్తారో లేదో గానీ బొండం కొట్టివ్వకుండా పంపరు. అడగరు, కొట్టేసి చేతికిచ్చేస్తారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి ఆ నీళ్లు మంచివి కావు. వాటిలోని పొటాషియం ఒంట్లోంచి పోక పేరుకుని, గుండె మీదకి వస్తుంది. ఆ మాట ఊళ్లో ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. కాగితాల్లో తేడా ఉన్నవాళ్లంతా నా మాట విని బొండం మానేశారు. దాంతో ఎవరైనా బొండం వద్దంటే చాలు, ఊరు అర్థం చేసేసుకునేది. జబ్బు పేరు కూడా ఎత్తేవారు కాదు. "ఫలానావోడు బొండం ఒద్దన్నాడంట" అనేవారు, గొంతు తగ్గించి. అంతే, ఆ మనిషి సంగతి అయిపోయినట్టే.

అందుకని నేను తాగాను. జలుబు చేసిందని కొన్నిసార్లు తప్పించుకున్నాను. రెండు గుక్కలు తాగి, మాటల్లో పెట్టి, మిగతాది గోడవార ఒంపేశాను. కానీ రోజుకు నాలుగైదిళ్లు, రెండేళ్లు. ఎన్నని ఒంపుతాం? పక్కింట్లో ఇలాంటి జబ్బు మనిషికే 'బాబూ, బొండం ముట్టకు' అని చెప్పొచ్చి, ఈ ఇంట్లో గడగడా తాగేదాన్ని. అది తలచుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లదు.

2006 మే

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. రెండు రోజులుగా విరేచనాలు. ఇంట్లో ఉండమంది గ్రేసు. నడుం నొప్పికి పాత అలవాటు చొప్పున ఒక మాత్ర మింగి బయల్దేరాను. మొదటింట్లో ఒక బొండం, రెండో ఇంట్లో ఒకటి. నిజంగానే దాహమేసి రెండూ తాగాను. నీలమ్మ ఇంటికి వచ్చేసరికి మూడోది కొట్టి సిద్ధంగా పెట్టింది. తను తాగడం మానేసినా, నాకు కొట్టడం మానలేదు.

"ఎండనపడొచ్చినావు, తాగీ సిస్టరమ్మా. సల్లగుంటాది."

తాగాను. కాసేపటికి లేద్దామంటే కాళ్లు నావి కానట్టు ఉన్నాయి. చేతిలో పుస్తకం జారిపోయింది. గుండె ఒకసారి కొట్టుకుని, తర్వాతది ఎప్పుడో అన్నట్టు ఆగుతోంది. నీలమ్మ ఆటో పిలిపించి, నా తల ఒళ్లో పెట్టుకుని పలాస దాకా వచ్చింది. దారి పొడుగునా కొంగు తడిపి నా ముఖం తుడుస్తూనే ఉంది.

పలాసలో ఒక ప్రైవేటు డాక్టరు చూశాడు. గుండె పరీక్ష కాగితం తిప్పి తిప్పి చూసి అడిగాడు. "పొద్దున్నుంచీ ఏం తాగారు? కొబ్బరినీళ్లేమైనా?"

"లేదు" అన్నాను.

పద్దెనిమిదేళ్లుగా రోగుల నోట విన్న అబద్ధం అది. ఎంత తేలిగ్గా వస్తుందో ఆ రోజే తెలిసింది.

"అదేటి సిస్టరమ్మా, అలాగంటావు?" అంది నీలమ్మ. "డాట్రుబాబూ, మా ఇంటికాడ ఒకటి తాగింది. అంతకుముందు రెండిళ్లకాడా తాగిందంట. నా సేత్తో నానే కొట్టిచ్చినాను."

డాక్టరు నా కేసి వంగాడు. "మీకు కిడ్నీ జబ్బుందా? నిజం చెప్పండి."

ఉందని తలూపాను. నీలమ్మ నా ముఖంలోకి చూసింది. రెండేళ్లుగా తను మానుకున్న నీళ్లు, తన చేతులతో నాకు పోసింది. అది ఆమెకు అర్థమవడం నేను చూశాను. అయినా నా తల కింద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆ రోజు ఆమె నిజం చెప్పకపోతే నేను లేను.

విశాఖపట్నం వెళ్లిన వ్యాన్ గురించి నాకు పెద్దగా గుర్తులేదు. కోటబొమ్మాళి దగ్గర వేగం తగ్గినప్పుడు కిటికీలోంచి సంత కనిపించింది. అక్కడ వంకాయలు బేరమాడుతున్న ఒకావిడని చూసి అసూయ కలిగింది.

రెండుసార్లు యంత్రం మీద నా రక్తం శుభ్రం చేశారు. నొప్పి కంటే చలి ఎక్కువ. లోపల్నుంచి వచ్చే చలి, దుప్పటికి లొంగదు. దాహం ఇంకో నరకం. నాలుక అంగిలికి అతుక్కుపోయేది. ఒక ఆయా, పేరు కూడా అడగలేదు, గంటకోసారి తడిగుడ్డతో నా పెదవులు అద్దివెళ్లేది. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. ఒక చిన్న నర్సు మాత్రం "నీళ్లడగొద్దన్నానా! నర్సయ్యుండి మీకు తెలీదా?" అని అరిచింది. ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ గొంతు నాదే.

ఏసుదాసు వరండాలో ఉన్నాడు. అదే ఆసుపత్రి, అదే వరండా. వెళ్లకుండా ఉండలేడు కదా. కోటబొమ్మాళి నుంచి తండ్రిని తీసుకొచ్చిన ఒకాయన జరిగి చోటిచ్చి, "ఇక్కడ గాలొత్తాది, కూకో బాబూ" అని పేపరు పరిచాడట. తెచ్చుకున్న ఇడ్లీలో సగం పెట్టాడట. చాన్నాళ్ల తర్వాత ఆ సంగతి చెబుతూ ఏసుదాసు ఏడ్చాడు. నాకు ఇలా అయిందని విన్నప్పుడు ఏడవలేదు.

2006 వానాకాలం

ఇంటికొచ్చాక మా ఆయన నాతో మాట్లాడలేదు. పనులన్నీ చేశాడు. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండాలని డాక్టరు చెప్తే, ముక్కలు గుజ్జయిపోయేదాకా ఉడికించేవాడు. ఉప్పు లేని ఆ ముద్దని కంచంలో పెట్టి వెళ్లిపోయేవాడు. గ్రేసు నా నీళ్ల సీసా మీద గోళ్ల రంగుతో గీతలు గీసింది. పొద్దున్నకి ఇంత, మధ్యాహ్నానికి ఇంత. ఇద్దరి మధ్య మాటలు మోసే పని కూడా దానిదే అయింది. "నాన్న మాత్ర వేసుకోమన్నాడు." "అమ్మ వేసుకుందంట."

ఒకరోజు కూర మరీ ఘోరంగా ఉంది. "ఇది మనుషులు తినేదేనా?" అని విసుక్కున్నాను. గరిటె కింద పెట్టేసి నా ముందు కూర్చున్నాడు.

"రెండేళ్లు. నా పక్కన కూకుని రెండేళ్లు రక్తం మాత్తర్లని మింగినావు. నాకు సెప్పకుండా ఉండడానికి నానేటి సేసినాను?"

"ఆ వరండాలో మళ్లీ కూర్చోలేనన్నారు కదండీ" అన్నాను.

నా కంచం పక్కకి జరిపాడు.

"వరండాలో కూకోలేనన్నాను. నువ్వు లేపోతే ఉండగలనన్నానేటి?"

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే దాహమేస్తుందని ఆపుకున్నాను. ఆయన లేచి, ఆ కూరలో ఇంత నిమ్మరసం పిండి, తనకీ అదే వడ్డించుకుని నా పక్కన కూర్చుని తిన్నాడు. తింటూ "నిజమే, బాగోలేదు" అన్నాడు.

ఆ మర్నాడు నీలమ్మ వచ్చింది. పిల్లలు పుట్టినా, మనిషి పోయినా కొబ్బరికాయ లేకుండా ఒకరింటికి వెళ్లని ఊరు వాళ్లది. ఉత్త చేతుల్తో వచ్చి గుమ్మంలోనే నిలబడింది. బొండాలు కొట్టే కత్తి అటక మీద పడేశానని చెప్పింది. ఊళ్లోవాళ్లకి నేను ఎండదెబ్బకి పడిపోయానని చెప్పిందట.

"నీది నువ్వు సెప్పుకోవాల గానీ నాను సెప్పకూడదు. అందుకే మూసుకున్నాను. కానీ సిస్టరమ్మా, ఎవులికైనా బొండం ఇయ్యాలంటే సెయ్యి వణుకుతంది. ఈడికేటుందో, ఆడికేటుందో. నా సేత్తో సంపేత్తన్నానేమో అని."

ఆమెను కూర్చోమన్నాను, కూర్చోలేదు. నా జబ్బు నా ఒక్కదాన్నే పట్టుకుందనుకున్నాను. దాచిన పాపం ఆమె చేతుల్లోకి కూడా వెళ్లింది.

2007

సంక్రాంతి హడావుడి అంతా అయ్యాక, సంస్థవాళ్లు తేలిక పనిగా నెలకు రెండు ఊళ్లు చూడమన్నారు. మొదట నీలమ్మ ఊరే వెళ్లాను. ఏసుదాసు తనే సైకిలు మీద బస్సు దాకా దింపాడు. "సెప్పేత్తావా?" అన్నాడు. "చూస్తాను" అన్నాను. బస్సులో దారంతా చెప్పకపోతే ఏమవుతుందని ఆలోచిస్తూనే ఉన్నాను. మనిషి బుద్ధి అంత తొందరగా మారదు.

నీలమ్మ వాకిట్లో పాతికమంది దాకా చేరారు. సన్నబడ్డావంది ఒకావిడ. నల్లబడ్డావంది ఇంకొకావిడ. సింహాచలం మావ అరుగు మీద కూర్చున్నాడు. పక్కింటి కోడలు, ఊళ్లోకి కొత్తగా వచ్చిన పిల్ల, సిస్టరమ్మ చాలాకాలానికి వచ్చిందని రెండు బొండాలు కొట్టి తెచ్చింది. ఒకటి మావకిచ్చింది, ఒకటి నా చేతిలో పెట్టింది. నీలమ్మ ఇంట్లోంచి గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

బొండం చల్లగా ఉంది. నాకు దాహంగా ఉంది.

"వద్దమ్మా" అన్నాను.

అందరూ నా కేసి తిరిగారు. ఆ పిల్ల తనేం తప్పు చేసిందో తెలియక బెదిరిపోయింది.

"నువ్వేం తప్పు చెయ్యలేదు. నాకు కిడ్నీ జబ్బుంది. ఆ శిబిరంలో మీ అందరికంటే ముందు రక్తమిచ్చాను కదా, అప్పుడే తెలిసింది. మీకు చెప్పలేదు. మా ఇంట్లోనూ చెప్పలేదు. ఇక్కడ వద్దంటే మీకు తెలిసిపోతుందని, మిమ్మల్ని మానమని చెబుతూనే నేను తాగాను. వేసవిలో నాకు తగిలింది ఎండదెబ్బ కాదు. నీలమ్మ తప్పు అసలే కాదు. ఆమె నిజం చెప్పబట్టే బతికాను."

ఇంత చెప్పేసరికి ఆయాసమొచ్చి అరుగు మీద కూలబడ్డాను.

"అయితే నీకే వొచ్చింది గదా, ఇంక మాకేటి సెప్తావు?" అని ఒకావిడ విసురుగా లేచింది. ఆమె వెంట ముగ్గురు వెళ్లిపోయారు. నేను భయపడ్డది నిజంగానే జరిగింది. వాళ్లలో ఇద్దరు మళ్లీ ఎప్పుడూ రాలేదు. వాళ్లని పిలిచే మొహం కూడా నాకు లేదు.

మిగతావాళ్లు వెళ్లలేదు. నీలమ్మ గుమ్మంలోంచి వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది.

"సిస్టరమ్మా, ఈ వారం నువ్వు సేయగలిగింది ఒక్కటి సెప్పు."

నా ప్రశ్న నాకే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఎవరింట్లో ఇచ్చినా బొండం వద్దంటాను. ఎందుకో కూడా చెప్తాను" అన్నాను. నీలమ్మ నా కొంగు చివర లాక్కుని గట్టిగా ముడి వేసింది. పదునైన కత్తిపట్టే చేతులు, ముడి బిగిసిపోయింది.

అప్పుడు నా పక్కన చప్పుడైంది. సింహాచలం మావ తన బొండం అరుగు మీద పెట్టాడు. ఒక్క గుక్క కూడా తాగలేదు. పైదాకా నీళ్లున్నాయి.

ఆ ఊళ్లో దానికి అర్థం అందరికీ తెలుసు.

"నా కాయితం బరంపురంలో తీసుకున్నాను" అన్నాడు, నేల కేసి చూస్తూ. "మూడేళ్లయింది. శిబిరం నాడు అందుకే ఎల్పోనాను. పెట్టి అడుగున పడేసినాను. మీరంతా సూత్తారని తాగేత్తన్నాను."

ఆయన కళ్ల కింద వాపు అంతకుముందు ఎందుకు చూడలేదా అనుకున్నాను. చూశాను. నాది దాచుకునే గొడవలో పడి ఆయనది పట్టించుకోలేదు. ఇన్ని జరిగాక కూడా నా నోట 'వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు, ఉప్పు మానెయ్యి, అది మానెయ్యి' అనే రాబోయింది. మింగేశాను. సీసాలో మధ్యాహ్నం గీత దాకా రెండు గుక్కలు మిగిలితే, ఒకటి తాగి గొంతు తడుపుకున్నాను.

"మావా, ఈ వారం ఏం చేయగలవు? ఒక్కటే చెప్పు."

తలెత్తి తన ఇంటి వైపు చూశాడు. తోటల అవతల సముద్రం హోరు వినిపిస్తోంది.

"ముందల మా ఇంటిదానికి సెప్పాల" అన్నాడు. "దానికి తెలవదు."

"అదొక్కటీ చాలు మావా" అన్నాను.

భుజం మీద తువ్వాలు తీసి, దాని కొస నా చేతికిచ్చాడు. నేను ముడి వేశాను.